అత్తయ్యకి ఎనభై ఎనిమిది మార్కులు

మార్చి 3, సోమవారం

కుట్టుగదికి ఇన్‌చార్జినై ఇవాళ్టికి పదకొండు రోజులు. ఇప్పటిదాకా ఈ పదవితో నాకు వచ్చినవి మూడు: బీరువా తాళాలు, గుండ్రంగా తిరిగే కుర్చీ, అత్తయ్య నోట "మేడం" అన్న పిలుపు. మొదటి రెండూ సుఖంగానే ఉన్నాయి.

ఆవిడ ఆ మాట వెటకారంగా అన్నా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. కానీ ఆవిడ నిజంగానే మర్యాదగా అంటుంది. పొద్దున్న ఇంట్లో "ఏమే, తాళం సరిగ్గా వేశావా" అని గదిమిన మనిషి, ఇద్దరం ఒకే బస్సు దిగి ఆసుపత్రి గేటు దాటగానే రెండడుగులు వెనక్కి తగ్గి "ముందు మీరు నడవండి మేడం" అంటుంది. ఆరేళ్ళ కిందట నన్ను చెయ్యి పట్టుకుని ఈ గదిలోకి తెచ్చింది ఆవిడే. ఇరవై ఆరేళ్ళుగా అదే మూల, అదే మిషను మీద కుడుతోంది. పాత ఇన్‌చార్జి రిటైరైతే కుర్చీ ఆవిడకే వస్తుందని అందరూ అనుకున్నారు. కంప్యూటరు తెలిసినవాళ్ళు కావాలన్నారు పైవాళ్ళు. నాకు తెలుసు. అంతే జరిగింది. ఇందులో నా తప్పేమీ లేదు.

ఇవాళ పై ఆఫీసు నుంచి కాగితాల కట్ట వచ్చింది. మీద "వార్షిక పనితీరు మదింపు" అని ఉంది. సాయంత్రానికల్లా మావాళ్ళు దానికి "మార్కుల కాగితం" అని పేరు పెట్టేశారు. ఆరుగురికీ నేను మార్కులు వెయ్యాలి. వేగం, నాణ్యత, సమయపాలన, సహకారం, చొరవ. ఒక్కోదానికి ఇరవై. అందరికన్నా తక్కువ వచ్చినవాళ్ళు ఏప్రిల్ ఒకటి నుంచి బండికి వెళ్ళాలి.

బండి అంటే ఉతికిన దుప్పట్లూ దిండు గలీబులూ నాలుగంతస్తుల వార్డులకీ పంచే తోపుడుబండి. దాన్ని తోసే పెద్దాయన పని మానేసి నెలైంది. జీతం ఇదే. కానీ పొద్దున్నించి సాయంత్రం దాకా కాళ్ళ మీదే నిలబడాలి. వెళ్తామని ఎవరూ ముందుకి రాలేదు. పొమ్మనలేక పొగపెట్టడానికి మార్కులు పనికొస్తాయని పైన ఎవరికో తోచినట్టుంది.

మార్చి 4, మంగళవారం

ఎవర్నీ తక్కువ చెయ్యను, ఎవర్నీ ఎక్కువ చెయ్యను. ఇక్కడ రాసిపెడుతున్నాను.

మార్చి 6, గురువారం

ఎవరు రోజుకి ఎన్ని బట్టలు బాగుచేశారో రాసే పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. కత్తిరింపులు చేసే బాబాయి ఇరవై నాలుగు. గుండీలక్క పంతొమ్మిది. మిగతా ముగ్గురూ ఇరవై దాటారు.

అత్తయ్య పద్నాలుగు.

ముందు నా కూడికే తప్పనుకున్నాను. కాదు. నవంబరుదాకా రోజుకి ముప్ఫై కుట్టిన మనిషి. డిసెంబరులో ఇరవై రెండు, జనవరిలో పదిహేడు, ఇప్పుడు పద్నాలుగు. మెట్లు దిగినట్టు దిగింది.

గదిలో ఆవిణ్ణి ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవడం లేదు. దగ్గరికెళ్ళి దగ్గుతున్నాను. ఇవాళా దగ్గాను.

"చెప్పండి మేడం."

"రోజుకి పద్నాలుగే అవుతున్నాయి."

"అవును మేడం."

"ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉంది మేడం."

"కళ్ళు?"

"ఆ మూల గోడ మీద బల్లి ఉంది మేడం. తోక చివర కొంచెం తెగింది."

చూశాను. నిజమే, తెగింది.

"మరి ఎందుకు తగ్గాయి?"

"బద్ధకం మేడం."

పక్క మిషను దగ్గర గుండీలక్క దారం కొరకబోయి అలాగే ఆగిపోయింది. గుండీలూ కాజాలూ నాడాలూ కుట్టడం ఆవిడ పని. రెండు కాళ్ళకీ నరాలు తాళ్ళలా ఉబ్బి ఉంటాయి, బల్ల కింద పీట వేసుకుని దాని మీద పెట్టుకుంటుంది. పదిహేనేళ్ళుగా అత్తయ్య పక్కనే కూర్చుంటోంది. బద్ధకం అన్న మాట అత్తయ్య నోట, అందులోనూ తన గురించి, వినడం ఆవిడకీ కొత్తే అయుండాలి.

మార్చి 9, ఆదివారం

భోజనాలయ్యాక గిన్నెలన్నీ తోమి బోర్లించాను. చేతులు తుడుచుకుని వచ్చేసరికి అత్తయ్య వాటిని మళ్ళీ తోముతోంది. పదకొండేళ్ళుగా ఇదే వరస. "నువ్వు బాగానే తోమావులే, అడుగున కొంచెం జిడ్డుంటే" అంటుంది.

ఇంటి సంగతులు ఆఫీసుకి మోసుకెళ్ళే మనిషిని కాను నేను.

సహకారం కింద ఇరవైకి తొమ్మిది వేద్దామనుకుంటున్నాను. బాగా ఆలోచించే ఈ నిర్ణయానికి వచ్చాను. దీనికీ గిన్నెలకీ సంబంధం లేదు.

మార్చి 11, మంగళవారం

అత్తయ్య: వేగం 8, నాణ్యత 15, సమయపాలన 18, సహకారం 9, చొరవ 8. మొత్తం 58. అందరికన్నా తక్కువ.

మా ఆయన సిటీ బస్సు నడుపుతారు. రోజుకి వందమందిని సర్దుకోమని చెప్పే మనిషి కదా, ఏమైనా సలహా ఇస్తారని కాగితం చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టారు.

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను డ్యూటీకి వెళ్తున్నా."

"ఇందులో కప్ప ఎవరు?" అని అడిగాను.

చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు.

మార్చి 12, బుధవారం

మనసు దూదిపింజలా ఉంది. న్యాయం చేసినవాళ్ళకి ఇలాగే ఉంటుంది కాబోలు.

మార్చి 13, గురువారం

ముద్ద దిగడం లేదు. ఎండల వల్ల.

మార్చి 14, శుక్రవారం

పదకొండు గంటలకి ఆపరేషన్ థియేటర్ నుంచి ఒక సిస్టర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. పేషెంటు మీద కప్పే పెద్ద ఆకుపచ్చ గుడ్డ, మూరెడు పొడుగున చిరిగిపోయింది. ఉన్న రెండోది ఉతుకులో ఉంది. గంటన్నరలో ఆపరేషను, ఆ లోపల దీన్ని ఆవిరిపెట్టెలో పెట్టి శుద్ధి చెయ్యాలి. అంటే కుట్టడానికి పావుగంటే ఉంది. బాబాయి చూసి పెదవి విరిచాడు. మిగతావాళ్ళు గంట పడుతుందన్నారు.

అత్తయ్య చెయ్యి చాపింది.

నేను గడియారం చూస్తూనే ఉన్నాను. తొమ్మిది నిమిషాలు. మిషను చప్పుడు వేరేగా ఉంది, గది మొత్తం అదే వింటోంది. కుట్టడం అయిపోయాక ట్యూబులైటు కింద పట్టుకుని చూశాను. చిరుగు ఎక్కడుందో చేత్తో తడిమితే తప్ప తెలియలేదు. సిస్టర్ దాన్ని లాక్కుని పరిగెత్తింది.

ఆ తర్వాతే అసలు సంగతి. అత్తయ్య చుట్టూ ఒకసారి చూసి, ఒక గలీబు తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. నిండు గర్భిణి మెట్లెక్కినట్టు కుట్టింది. తిన్నగా పడిన కుట్టుని విప్పి మళ్ళీ అదే కుట్టు వేసింది. నేను బీరువా తలుపు వెనక ఉన్నానని చూసుకోలేదు.

కావాలని చేస్తోంది. మూడు నెలలుగా కావాలనే చేస్తోంది.

బస్సులో కూర్చున్నాక నాకు అర్థమైంది. పాత ఇన్‌చార్జి డిసెంబరులోనే చెప్పింది, తర్వాత నన్నే వేస్తారని. ఆవిడ నా ముందు కూర్చుని రోజుకి ముప్ఫై కుడితే, ఈ కుర్చీ ఎవరికి రావాల్సిందో అందరికీ రోజూ గుర్తొస్తుంది. నేను చిన్నబోకుండా ఉండాలని ఆవిడే చిన్నదైంది. నా కోసం. ఇలాంటి మనిషికా నేను యాభై ఎనిమిది వేసింది. కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

"దుమ్మా?" అంది అత్తయ్య.

"ఆ."

"కొంగు అడ్డం పెట్టుకోవే. ఎన్నిసార్లు చెప్పాలి."

ఇంటికి రాగానే ఆ కాగితం చించేశాను. సహకారం కింద వేసిన ఆ తొమ్మిదీ గిన్నెల తొమ్మిదే. ఒప్పుకుంటున్నాను. కొత్త కాగితం మీద ఎనభై ఎనిమిది వేశాను. ఎక్కడా ఒక్క మార్కు కూడా ఊరికే కలపలేదు.

మార్చి 15, శనివారం

ఇప్పుడు అందరికన్నా తక్కువ గుండీలక్కకి. అరవై నాలుగు.

మళ్ళీ కూడి చూశాను. అరవై నాలుగే.

మళ్ళీ కూడాను.

మార్చి 17, సోమవారం

మార్కులు ఎవరివి వాళ్ళ ఎదుట చదివి సంతకం తీసుకుని, సాయంత్రంలోగా పైకి పంపాలని రూలు. ఒక్కొక్కరినే బీరువా పక్కకి పిలిచాను.

గుండీలక్క వచ్చి కుర్చీలో కూర్చుంది. చదివాను.

"అందరికన్నా తక్కువ నాకేనా?"

"అవునక్కా."

ఆవిడ ఏడవలేదు. కాసేపు తన కాళ్ళ వైపు చూసుకుంది, ఎవరో పక్కింటి పిల్లల్ని చూసినట్టు. "ఆ బండికి చక్రాలు బాగానే తిరుగుతాయా?" అని అడిగింది.

"నూనె వేయిస్తాను."

"సరే మరి," అని సంతకం పెట్టి వెళ్ళింది. ఆవిడ నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇప్పుడు ఇంత ఇబ్బందిగా ఉండేది కాదు.

అత్తయ్యని చివరికి పిలిచాను. ఈ ఒక్కటైనా సంతోషంగా చేద్దామని నవ్వుతూ చదివాను. ఎనభై ఎనిమిది అనగానే ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇంకోసారి చదవండి మేడం."

చదివాను.

"అంటే అందరికన్నా నాకే తక్కువా?"

"కాదు, అందరికన్నా మీకే ఎక్కువ."

ఆవిడ కాగితం తనవైపు లాక్కుంది. తర్వాత కలం తీసుకుని సంతకం పెట్టి, దాని పక్కనే గుండ్రటి అక్షరాలతో "ఒప్పుకోను" అని రాసింది.

సాయంత్రం అత్తయ్య ఇంటి తలుపు మూసిందో లేదో మొదలైంది.

"నీకు బుద్ధుందటే?"

"ఏం చేశాను అత్తయ్యా?"

"మూడు నెలలు. మూడు నెలలు పళ్ళ బిగువున నెమ్మదిగా కుట్టాను. అదెంత కష్టమో నీకేం తెలుసు? చెయ్యి దానంతటది పరిగెడుతూ ఉంటుంది, దాన్ని పట్టుకుని వెనక్కి లాగాలి. నా భుజాలు పడిపోయాయి. అంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదే."

"ఎందుకు నెమ్మదిగా కుట్టడం?"

"బండి కోసం."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ పెద్దాయన డిసెంబర్లోనే చెప్పాడు, ఇక మానేస్తానని. తక్కువ మార్కులొచ్చినవాళ్ళని ఆ బండికి వేస్తారట అన్నాడు. సరే, ఆ తక్కువేదో నేనే తెచ్చుకుందామనుకున్నా. ఇరవై ఆరేళ్ళు గోడకి మొహం పెట్టి కుట్టానే నేను. నాలుగంతస్తుల ఆసుపత్రిలో నాకు తెలిసింది ఆ గదీ, ఆ పక్క కుళాయీ. నేను కుట్టిన దుప్పటి మీద ఎవరు పడుకుంటారో, అది కప్పుకుని ఏం ఆలోచిస్తారో ఒక్కసారి కూడా చూళ్ళేదు. నాకు మనుషులు కావాలి. నడవాలి. మాట్లాడాలి."

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"నీకు చెబితే నువ్వు నిజాయితీగా మార్కులేస్తావు. నిజాయితీగా వేస్తే నాకు తొంభై వస్తాయి." కొంగుతో మొహం తుడుచుకుంది. "నీ మీద నమ్మకం పెట్టుకున్నానే. పదకొండేళ్ళ అత్తని. చేతికి కలం దొరికాక ఏ కోడలైనా ఊరుకుంటుందా అనుకున్నా."

"ముందు యాభై ఎనిమిదే వేశాను అత్తయ్యా."

ఆవిడ మొహం వెలిగింది. "మరి అదేదీ?"

"చించేశాను."

"ఎందుకు చించావే," అంది ఏడుపు గొంతుతో.

పక్క గదిలో మా ఆయన నవ్వు బయటికి రాకుండా దగ్గు తెచ్చుకుంటున్నారు. నేను చెప్పాను, ఎందుకు చించానో. నా కుర్చీ గౌరవం కోసం ఆవిడ త్యాగం చేస్తోందనుకున్నానని, బస్సులో ఏడ్చింది దుమ్ముకి కాదని. అత్తయ్య నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీ కోసమా?" అంది. "నీ కోసం నేను రోజుకి పదహారు బట్టలు తక్కువ కుడతానా?"

ఆ "నీ కోసమా" అన్న తీరుకి నాకు నవ్వు ఆగలేదు. నన్ను చూసి ఆవిడా మొదలుపెట్టింది. ఇద్దరం వంటింటి గుమ్మంలో కూలబడి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. మా ఆయన వచ్చి చూసి, మంచినీళ్ళు ఇచ్చి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు. పదకొండేళ్ళలో మేమిద్దరం ఒకే విషయానికి నవ్వడం ఇదే మొదటిసారేమో.

కానీ కాగితాలు పైకి వెళ్ళిపోయాయి.

మార్చి 18, మంగళవారం

మార్కులు నచ్చనివాళ్ళు అప్పీలు పెట్టుకోవచ్చు. ఫారంలో "నా మార్కులు పెంచవలసిందిగా ప్రార్థన" అని ముందే అచ్చువేసి ఉంటుంది. అత్తయ్య "పెంచ" కొట్టేసి "తగ్గించ" అని రాసి ఇచ్చింది. ఆఫీసు గుమాస్తా దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడట.

"మేడం, మీరు నాకు ఎదురు చెప్పాల్సి వస్తుంది," అంది నాతో గదిలో, చాలా మర్యాదగా. "మొహమాటపడకండి."

మార్చి 21, శుక్రవారం

ఆఫీసరు గారి గదిలో విచారణ. ఆయనకి రిటైర్మెంటు దగ్గరపడింది, ఎదురుగా రెండు కళ్ళజోళ్ళు పెట్టుకుని ఒకటి తీసి ఒకటి పెడుతూ ఉంటాడు. మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

"అమ్మా, మీ మార్కుల్లో తప్పేముంది?"

"అన్నీ ఎక్కువ వేశారు సార్. నాకు అంత పని చేతకాదు." అత్తయ్య సంచీలోంచి సాక్ష్యాలు తీసింది. ఒక గలీబు. నాలుగు వైపులా కుట్టేసి ఉంది. "దీంట్లో దిండు దూరదు సార్. ఇది నేను కుట్టిందే."

"నిన్న మధ్యాహ్నం కుట్టింది సార్," అన్నాను. "ఈ విచారణ కోసమే. ఆ కుట్టు చూడండి, నాలుగు వైపులా దారప్పోగంత తేడా లేదు. చేతకానివాళ్ళు ఇంత తిన్నగా తప్పు చెయ్యలేరు."

ఆఫీసరు గారు కళ్ళజోడు మార్చి చూశాడు. "తిన్నగానే ఉంది."

"మేడం నన్ను వెనకేసుకొస్తున్నారు సార్. కోడలు కదా."

"కోడల్ని కాబట్టే చెబుతున్నాను సార్. ఈవిడకి ఊరికే మార్కులు వెయ్యాల్సిన అవసరం నాకేముంది? థియేటరు గుడ్డ తొమ్మిది నిమిషాల్లో కుట్టింది. కావాలంటే సిస్టర్ని పిలవండి."

"అది ఏదో గాలివాటు సార్."

"ఇరవై ఆరేళ్ళ గాలివాటా?"

ఆయన రెండు కళ్ళజోళ్ళూ తీసేశాడు. "ఉండండి. అత్తగారేమో నేను పనికిరానిదాన్ని అంటోంది. కోడలేమో మా అత్తగారంత మనిషి లేదంటోంది. నేను సరిగ్గానే వింటున్నానా?"

"అవును సార్," అన్నాం ఇద్దరం.

"ఒక్క నిమిషం ఆగితే మా ఇంటికి ఫోన్ చేస్తాను," అన్నాడు. "మావాళ్ళిద్దరూ ఇది వినాలి."

ఫోన్ చెయ్యలేదు కానీ గుమాస్తా కూడా నవ్వాడు. నవ్వులు తగ్గాక బండి సంగతి నేను చెబితే, ఆయన అత్తయ్యని అడిగాడు, బండి కావాలంటే సూటిగా అడగొచ్చు కదా, ఇంత తిప్పలెందుకని.

"వార్డుల పనికి వెయ్యమని అడిగాను సార్. రెండుసార్లు."

ఆ సంగతి నాకూ తెలియదు. ఫైలు తెప్పించారు. ఒక ఉత్తరం తొమ్మిదేళ్ళ నాటిది, ఇంకొకటి నాలుగేళ్ళది. రెండింటి మీదా పాత ఇన్‌చార్జి చేతిరాత: "పనిమంతురాలు. వదలలేము."

ఆయన ఒక కళ్ళజోడు పెట్టుకుని ఆ రెండు మాటల్నీ చూశాడు. "పని చేసేవాళ్ళకే పని తగులుకుంటుంది," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "అమ్మా, మార్కులు తగ్గించే వీలు నాకు లేదు. కానీ ఇష్టపడి వెళ్తానంటే పంపించొచ్చు. దానికి మీ ఇన్‌చార్జి ఒప్పుకోవాలి."

కాగితం నా ముందుకి జరిపాడు. అత్తయ్య నా చేతి వైపు చూస్తోంది.

"సోమవారం చెబుతాను సార్," అన్నాను.

మార్చి 22, శనివారం

ఇందులో నా స్వార్థమేమీ లేదు. గది సంగతి చూడాలి. థియేటరు గుడ్డలు ఎవరు కుడతారు? కొత్తవాళ్ళకి నేర్పేది ఎవరు? నేను ఇన్‌చార్జినై నెలే అయింది. ఏడాది తర్వాతైతే సరేననొచ్చు. జవాబు ఇలా రాశాను: "చాలా పనిమంతురాలు అయినందున ప్రస్తుతం వదలడానికి వీలుపడదు."

చేతిరాత బాగా కుదిరింది.

మార్చి 23, ఆదివారం

ఇవాళ నేను తోమిన గిన్నెలని అత్తయ్య మళ్ళీ తోమలేదు. టీవీ ముందు కూర్చుంది, టీవీ పెట్టలేదు.

నిన్నటి కాగితం మళ్ళీ చదివాను. పాత ఇన్‌చార్జి రెండే మాటల్లో తేల్చింది. నేను ఆరు మాటలు వాడాను. అంతే తేడా.

మార్చి 24, సోమవారం

అత్తయ్యని పంపడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాను.

ఆఫీసరు గారు నా మార్కుల కాగితం తీసి, "మరి తక్కువ వచ్చినవాళ్ళు?" అని అడిగాడు.

"బండికి మనిషి దొరికింది కదా సార్. ఇక తక్కువ వచ్చినవాళ్ళ పేరు రాసే గడి ఖాళీగా ఉంచితే నష్టమేముంది?"

"నష్టం లేదు," అని దాని మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

గుండీలక్కకి చెబితే, సరేనని తలూపి, చేతిలో ఉన్న గుండీ కుట్టడం పూర్తిచేసింది. తర్వాత కాళ్ళు పీట మీద పెట్టుకుని, పాత చీర కొంగుతో మొహం కప్పుకుని కాసేపు కూర్చుంది.

సాయంత్రం బస్సులో అత్తయ్యని అడిగాను. "నిజం చెప్పండి. గుండీలక్క కాళ్ళ గురించి కూడా ఆలోచించారు కదా?"

"దాని కాళ్ళతో నాకేం పనే? నా కాళ్ళు బాగున్నాయి, నాకు నడవాలనుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

అయితే ఆ మాట కిటికీలోకి చూస్తూ అంది. ఇది ఏ గడిలో వెయ్యాలో, ఎన్ని వెయ్యాలో నాకు తెలియదు.

ఏప్రిల్ 1, మంగళవారం

మొదటి రోజు. చీర ఇస్త్రీ చేయించుకుని వెళ్ళింది. సాయంత్రం ఇంటికి రాగానే మొదలుపెట్టి రెండున్నర గంటలు చెప్పింది. రెండో అంతస్తులో కవలలు పుట్టారట, తండ్రికి ఎవరు ఎవరో తెలియక ఒకరికే రెండుసార్లు ముద్దు పెట్టాడట. నాలుగో అంతస్తులో ఒక లెక్కల మాస్టారు ఆవిడ బండిలో ఎన్ని దుప్పట్లున్నాయో చూపుతోనే చెప్పాడట, రెండు తప్పాడట. మా ఆయన తినడం మరిచిపోయి వింటున్నారు. నేనూ అంతే. ఎంగిలి చేతులు ఎండిపోయాయి.

ఏప్రిల్ 3, గురువారం

థియేటరు గుడ్డ నేనే కుట్టాను. నలభై నిమిషాలు, మూడుసార్లు విప్పాను. సిస్టర్ చూసి "పాతావిడ లేదా?" అంది.

లేదు. పైన ఉంది.

ఏప్రిల్ 9, బుధవారం

మూడో అంతస్తు నుంచి చీటీ వచ్చింది. బండి రోజూ గంట ఆలస్యంగా వస్తోందనీ, దాన్ని తోసే మనిషి పేషెంట్లతో కబుర్లు పెట్టుకుంటోందనీ, తగిన చర్య తీసుకోమనీ. ఆవిడ ఇప్పుడు నా కింద లేదు. అయినా నా పేరుతోనే వచ్చింది కాబట్టి పైకి వెళ్ళాను. చీటీ రాసిన సిస్టర్ నన్ను వార్డు గుమ్మం దాకా తీసుకెళ్ళి, "మీరే చూడండి," అంది.

చివరి మంచం మీద ఒక పెద్దావిడ. కడుపు ఆపరేషనై ఆరు రోజులైందట. నడవమని డాక్టర్లు రోజూ చెబుతున్నారు, కుట్లు తెగిపోతాయని భయపడి కాలు కింద పెట్టడం లేదట. అత్తయ్య ఒక పెద్ద దుప్పటి విప్పి, ఒక కొస పట్టుకుని మంచం ఎదురుగా నిలబడి ఉంది.

"ఇది నా ఒక్కదాని వల్ల మడతపడేలా లేదమ్మా. ఆ కొస కాస్త పట్టుకోరూ."

"నేను లేవలేను తల్లీ."

"లేవమన్నానా? పట్టుకోమన్నాను."

పెద్దావిడ లేచి కూర్చుని పట్టుకుంది. దుప్పటి మధ్యలో వేలాడింది.

"అయ్యో, నేలకి తగిలితే ఆ సిస్టర్ నన్ను తినేస్తుంది. కొంచెం ఎత్తండి."

ఎత్తాలంటే నిలబడాలి. పెద్దావిడ మంచం పట్టె పట్టుకుని పాదాలు నేల మీద పెట్టింది. నా పక్కనున్న సిస్టర్ ఒక్క ఉదుటున వెళ్ళి వెనకాల చెయ్యి వేసింది.

"కుట్లు తెగుతాయే," అంది పెద్దావిడ.

"కుట్ల సంగతి నాకు వదిలెయ్యండి. ఇరవై ఆరేళ్ళు కుట్టాను. సరిగ్గా పడిన కుట్టు నడిస్తే తెగదు. ఇప్పుడు మీ కొస తెచ్చి నా చేతికియ్యండి."

ఒకటి. రెండు. కాసేపు ఆగింది. మూడు. నాలుగు. రెండు కొసలూ కలిశాయి. వార్డులో మిగతా మంచాల వాళ్ళు కూడా మాటలు ఆపేసి చూస్తున్నారు. పెద్దావిడ తను ఎక్కడ నిలబడిందో అప్పుడు చూసుకుని, వెనక్కి తిరిగి మంచం ఎంత దూరంలో ఉందో చూసి, చిన్నపిల్లలా నవ్వింది. సిస్టర్ కళ్ళు తుడుచుకుంటోంది. నన్ను ఎవరూ గమనించలేదు. మెల్లగా కిందికి వచ్చేశాను.

చీటీ మీద ఇలా రాసి పంపాను: "విచారించాను. ఆలస్యం నిజమే. కొనసాగించవలసింది."

సాయంత్రం అత్తయ్య చెప్పుల శబ్దం వీధి మొదట్లోనే వినిపించింది. వచ్చీ రాగానే మా ఆయన్ని కూర్చోబెట్టి, నన్ను కూర్చోబెట్టి, దుప్పటి ఒకటి తెచ్చి, తనే అత్తయ్యై, తనే పెద్దావిడై, తనే సిస్టరై మొత్తం చూపించింది. నేను చూశానని చెప్పలేదు. మొదటిసారి వింటున్నట్టు విన్నాను. నిజానికి ఆవిడ చెప్పినప్పుడే ఎక్కువ బాగుంది.

"పన్నెండడుగులే," అంది వేళ్ళు మడిచి చూపిస్తూ. "ఆరు రోజులుగా లేవని మనిషి, పన్నెండడుగులు వేసింది."

"పన్నెండా?" అన్నాను.

"తక్కువ చెబుతున్నానేమో కూడా."

నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను. నాలుగే. ఇక్కడ మాత్రం పన్నెండు అని రాసుకుంటున్నాను.